వారించుట – నివారించుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



తెలుగు వాచకములలో పాఠము చివర ఒక అభ్యాసముండును. ‘క్రింది పదములను సొంతవాక్యములలో ప్రయోగింపుము’ అని దానికి శీర్షిక. పిల్లలకు అది తేలికగా మార్కులు వచ్చు ప్రశ్న. ఉపాధ్యాయులకు తేలికగా దిద్దుకొని పోవు ప్రశ్న. ఆ పట్టికలో ‘వారించు’ అను క్రియ వచ్చినదనుకొనుడు. ఒక పిల్లవాడు ‘ప్రభుత్వము తుఫానును వారించెను’ అని వ్రాయును. మరియొకడు ‘తల్లి కలరాను వారించెను’ అని వ్రాయును. మూడవ పిల్ల ‘మామ్మ నన్ను చెరువులోనికి దిగవలదని వారించినది’ అని వ్రాయును. మూడింటికిని కర్త, కర్మ, క్రియ సరిగానే అమరినవి. కాని మూడవ పిల్లకే ఆ మాట తెలియును. మొదటి ఇద్దరకు నిఘంటువులోని అర్థము మాత్రమే తెలియును.

నిఘంటువును తప్పుపట్టరాదు. వారించు, నివారించు, అడ్డగించు, మాన్పు, మరలించు, తొలగించు అనువానిని అది ఒకచోట చేర్చి ఒకదానికొకటి అర్థముగా చూపును. కాని ఆ మాటలు అన్నదమ్ములే గాని కవలలు గావు. ఒకే ఇంట పుట్టినను ఒకడు పొలము పనికి, ఒకడు సంతకు, ఒకడు పంచాయతీకి పోవునట్లు, వీనిలో ప్రతిదానికిని వేరు పని కలదు. ఒకని పని మరియొకనికి చెప్పిన పని చెడును. కొన్నిచోట్ల ప్రాణములే పోవును.

‘వారించు’ సంస్కృతమునుండి వచ్చిన మాట. కప్పుట, అడ్డుట అను అర్థములు గల ‘వృ’ ధాతువు దీనికి మూలము. ఆవరణము, ఆవరించుట, కవచమను అర్థముగల వర్మము, అనివార్యము, దుర్వారము, ఇవన్నియు దాని సంతతియే. ఏనుగునకు వారణమను పేరు శత్రువులను వారించుటవలననే వచ్చినదని పెద్దలు చెప్పుదురు. తెలుగువారు దానికి తమ ‘ఇంచు’ చేర్చి తమ క్రియగా చేసికొనిరి. ఇంటింట గంజి వార్చుట కలదు. ఆ వార్చుటకును ఈ వారించుటకును చుట్టరికము లేదు. అది అచ్చమైన తెలుగు మాట, పొయ్యి దగ్గర పుట్టినది.

శ్రీకాకుళము, విజయనగరము పల్లెలలో ఎవ్వరును నోటితో ‘వారించు’ అనరు. ‘వొద్దన్నాడు’ అందురు. ‘ఏటిరా గుంటడా, చెప్తే ఇనవా?’ అని మామ్మ కేకవేసిన అదియే వారించుట. శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతయు పోరాడినది ఇందుకొరకే. నోట పలుకు మాటకు కాగితముమీద చోటుండవలెనని వారి వాదము. ఆయన గెలిచిరి, గెలువవలసినదే. అయితే ‘వొద్దను’ అను మాట నోటిలో చేయు పనినంతయు పుస్తకములో ‘వారించు’ ఎట్లు చేయుచున్నదో తెలిసికొనుట ఆయన వాదమునకు విరుద్ధము గాదు. ఇది పుస్తకములు చదివిన వారికే దొరకు మాట. గ్రంథాలయమువంటి చోటనే దాని గుణము విచారింపదగినది.

ఈ క్రియకు కర్మగా నిలుచునది సాధారణముగా మనిషి. చెవి గలవానినే వారింతురు. ‘చేసన్నతో వారించెను’, ‘కన్నులతోనే వారించెను’ అని కథలలో చదువుచుందుము. అక్కడ చెవికి బదులు కన్ను. పొలములో పడిన గేదెను ఎవ్వరును వారింపరు, తోలుదురు. గోడ దూకు దొంగను వారింపరు, పట్టుకొందురు. ప్రాచీన కావ్యములలో సేనలను, బాణములను వారించుట కలదు. అక్కడ మరలగొట్టుట అని అర్థము. నేటి వాడుకలో ఆ అర్థము సన్నగిల్లి, మాటతో అడ్డుపడుట అనునదే మిగిలినది. అందులో ప్రేమ కూడ కొంత కలిసియుండును. మేలు కోరనివాడు వారింపడు, చూచి ఊరకుండును.

ఈ క్రియకు మరియొక గుణము కలదు. అసలు సంగతి అదియే. వారించిన తరువాత ఏమి జరిగినదో ఈ మాట చెప్పదు. ‘వారించెను గాని వినలేదు’ అనవచ్చును. ‘వారింపగా మానుకొనెను’ అనియు అనవచ్చును. రెండును నిర్దోషములు. ‘నివారించెను గాని జరిగినది’ అని మాత్రము అనరాదు. నివారించుట అనిన పిమ్మట ఆ కీడు జరుగకుండవలెను. వారించుట ప్రయత్నము, నివారించుట ఫలము. నడుమ నున్నది ఒక్క ‘ని’ అక్షరమే.

పురాణములలో వారించినవారి మాట చెల్లిన సందర్భములు తక్కువ. రావణుని మారీచుడు వారించెను, విభీషణుడు వారించెను, వినలేదు. జూదము వలదని విదురుడు ధృతరాష్ట్రుని వారించెను, వినలేదు. వామనునకు దానమీయవలదని శుక్రాచార్యుడు బలిని వారించెను. బలి వినకపోగా శుక్రుడు తుమ్మెదయై కమండలపు కొమ్ములో దూరి నీటికి అడ్డుపడెనని, దర్భపుల్లతో కన్ను పోగొట్టుకొనెనని జనులు చెప్పుకొందురు. ఒక్క కథలోనే రెండు క్రియలు చూడుడు. నోటితో చెప్పునంతవరకు శుక్రుడు వారించినాడు; కొమ్ములో దూరినది మొదలు అడ్డగించినాడు. మొదటిదానికి ఖర్చు మాట, రెండవదానికి కన్ను.

పురాణములంత దూరము పోనక్కరలేదు. విజయనగరములోనే 1892లో ఆడిన ‘కన్యాశుల్కము’ ఈ రెండు క్రియల నడుమ నడచిన నాటకము. గురజాడ అప్పారావుగారు దానిని 1897లో అచ్చువేయించిరి. 1909లో పెంచి తిరుగ వ్రాసిరి. అగ్నిహోత్రావధానులు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు ఇచ్చి సొమ్ము తీసికొనబూనెను. పెద్దకూతురు బుచ్చమ్మను అట్లే ముసలివానికి కట్టబెట్టి విధవను చేసికొన్న ఇల్లది. భార్య వెంకమ్మ వారించినది, ఏడ్చినది, మొత్తుకొన్నది. ఆమె అన్నమాటలలో తప్పేమియు లేదు. ఫలమును లేదు. అప్పుడు ఆమె సోదరుడు కరటకశాస్త్రి వేరు దారి త్రొక్కెను. శిష్యునకు ఆడువేషము వేసి, ఆ ‘పిల్ల’నే లుబ్ధావధానులకు అంటగట్టెను. వెంకమ్మ వారించెను, కరటకశాస్త్రి తప్పించెను. వంచన మంచిదా కాదా అని ఆ నాటకము చూచినవారు ఇప్పటికిని వాదించుకొందురు. సుబ్బి మాత్రము ఆ పెండ్లి తప్పించుకొన్నది.

ఈ కథ నవ్వులకొరకు కల్పించినది గాదు. ఆనంద గజపతి మహారాజుగారు నాటి విశాఖపట్టణము జిల్లాలో జరిగిన శుల్క వివాహముల పట్టిక తయారు చేయించిరని గురజాడవారు పీఠికలో వ్రాసియున్నారు. మూడేండ్లలో లెక్కకు వచ్చినవి 1,034. ఆ పెండ్లికూతుండ్రలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది పిల్లను ఎవరు వారింపగలరు? ఆమెకు వద్దనుట కూడ రాదు. మహారాజుగారు మద్రాసు శాసనసభలో బిల్లు తెచ్చిరి. అది చట్టము కాలేదు.

తరువాత చట్టములు వచ్చినవి. వాని తెలుగు పేర్లు చదివిన, ఈ క్రియల కుటుంబమంతయు కచ్చేరీ వరండాలో వరుసగా నిలిచినట్లుండును. 1929లో వచ్చినది బాల్యవివాహ నిరోధక చట్టము. 2006లో వచ్చినది బాల్యవివాహ నిషేధ చట్టము. 1961లో వచ్చినది వరకట్న నిషేధ చట్టము. అప్పటికి సొమ్ము వరుని ఇంటినుండి వధువు ఇంటికి పోవుట మాని ఎదురు నడచుచుండెను. 1960లో వచ్చినది జంతుహింస నివారణ చట్టము. నిరోధించుట యనగా దారిలో అడ్డముగా నిలుచుట. నిషేధించుట యనగా కూడదని శాసించుట. ఈ రెండవదానిని జాగ్రత్తగా చూడవలెను. నిషేధించుట ప్రభుత్వము చేయు వారింపే. వెనుక శిక్ష యున్న వారింపు, అంతవరకే భేదము. వినినవాడు వినును, విననివాడు వినడు. 1995లో ఆంధ్రప్రదేశములో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలినది. అంతకాలము సారా నిషేధింపబడినదనుట సత్యము, నివారింపబడినదనుట సాహసము. పల్లెలో చిన్నపిల్ల పెండ్లి జరుగబోవునని తెలిసినపుడు ‘చట్టమున్నది కదా’ అని ఊరకుండువారు ఈ రెండు మాటలను ఒకటిగా తలచినవారే.

ఇక తుఫానును వారించెనని వ్రాసిన పిల్లవాని సంగతి. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస చెంత తీరము దాటినది. ఉద్దానపు కొబ్బరితోటలు, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. దానిని వారింపగల వారెవ్వరును లేరు. అంతకు నాలుగేండ్ల ముందు, 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను గూడ ఎవ్వరును నివారింపలేదు. ముందుగా హెచ్చరించి, తీరపు గ్రామములవారిని తరలించి, ప్రాణనష్టమును చాలవరకు నివారించిరి. వాక్యములో ‘నష్టము’ అను మాట చేరినతోడనే అబద్ధము నిజమగును. గోవర్ధనగిరి నెత్తిన కృష్ణుడు కూడ వానను ఆపలేదు. ఏడు దినములు కురియనిచ్చి గోపాలురకు గొడుగు పట్టెను. ఇంద్రుని వారించుటకంటె కొండ ఎత్తుటయే ఆయనకు సులువుగా తోచినదేమో.

నదులకు మరియొక క్రియ కలదు. వంశధారను గొట్టా దగ్గర, నాగావళిని తోటపల్లి, నారాయణపురముల దగ్గర మళ్ళించిరి. మళ్ళించుటలో ఆపుట లేదు; పోవుదానిని వేరు దిక్కుకు పోనిచ్చుట కలదు. వచ్చు వరదను కరకట్టతో అడ్డుకొందురు. చెరువుగట్టు తెగిన గండి పూడ్తురు. ఈ మాటలు రైతులకు ఒకరు నేర్పనక్కరలేదు. అర్జీ వ్రాయువారికే నేర్పవలసి యున్నది. ‘వరద నివారణకు తగు చర్యలు తీసికొనవలెనని ప్రార్థన’ అని వ్రాసిన అర్జీకి ‘తగు చర్యలు తీసికొనబడును’ అని జవాబు వచ్చును. రెండును సరిసమానముగా శూన్యములు. ‘ఫలానా తూము క్రింద గండి ఇన్ని గజములు, వానలకు ముందే పూడ్పింపవలెను’ అని వ్రాసిన, చదువు అధికారి కలము ఒక్క క్షణమైనను ఆగును.

తెలుగులో ‘మాను’ అను చిన్న మాట యొకటి కలదు. దాని సొగసు ఏ సంస్కృత పదమునకును లేదు. అలవాటు మానును, పుండును మానును. విడిచిపెట్టుటకును, నయమగుటకును ఒకే క్రియ. దానికి ప్రేరణము మాన్పుట. తల్లి కొడుకు చేత జూదము మాన్పును. వైద్యుడు పుండు మాన్పును.

ఈ మాట తలచినపుడు ఈ జిల్లాల తీరపు గ్రామములలోని వృద్ధస్త్రీలు మనసులో మెదలుదురు. చుట్ట నిప్పు నోటిలోపల నుంచుకొని కాల్చు అలవాటు వారికి తరతరములుగా వచ్చినది. దానిని అడ్డచుట్ట యందురు. చేపల పనిలోను, నాట్లలోను చేతులు ఖాళీయుండవు, గాలికి, జల్లుకు నిప్పు ఆరిపోవును, లోపలనుంచిన ఆరదు. ఆ వేడికి అంగిలి కాలి, తెల్లబారి, పుండుపడి, కొందరికి కాన్సరగును. శ్రీకాకుళము జిల్లా అడ్డచుట్టను గూర్చి వైద్యులు దశాబ్దములక్రిందటనే పరిశోధించి, పొరుగుదేశములు చదువునట్లు వ్రాసిరి. ఇక్కడ కారణము తెలియును. కావున నివారణము సాధ్యము. కాని దానికి దారి వారించుట ఒక్కటే. ‘మామ్మా, చుట్ట మానీయే’ అని మనుమరాలు అనవలెను, మామ్మ వినవలెను. ‘నలబై ఏళ్ల బట్టి కాలుస్తున్నాను, ఏటయింది నాకు?’ అని మామ్మ నవ్వును. ఇట్టిచోట రోజునకొకసారి వారించినను అధికముగాదు. పుండు పడక ముందు చుట్ట మాన్పుట మనుమరాలి పని; పడిన తరువాత పుండు మాన్పుట వైద్యుని పని. రెండవదానికి కె.జి.హెచ్. దాక పోవలెను, ఆలస్యమైన అదియు చాలదు.

కారణము తెలిసినంతమాత్రమున నివారణము శాశ్వతమనుకొనరాదు. మలేరియాను దోమ మోయునని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో 1897లో కనుగొనెను. కన్యాశుల్కము అచ్చుపడిన సంవత్సరమే అది. భారత ప్రభుత్వము 1953లో మలేరియా నియంత్రణ పథకమును ప్రారంభించెను. ఫలములు చూచి సంతోషపడి 1958లో దాని పేరు నిర్మూలన పథకమని మార్చెను. నియంత్రించుట హద్దులో నుంచుట. నిర్మూలించుట వేరుతో పెరికివేయుట. 1961 నాటికి దేశమంతట సుమారు 50 వేలకు దిగిన రోగుల లెక్క 1976 నాటికి 60 లక్షలు దాటినది. డి.డి.టి.కి దోమలు అలవాటుపడినవి. జనులును, ఉద్యోగులును ఏమరుపాటు పడిరి. పేరు పనికంటె ముందు పరుగెత్తినది. ఏజెన్సీలోని సవర, జాతాపు గ్రామములకు ఆ పేరు మార్పువలన ఒక్క జ్వరమును తగ్గలేదు. మశూచి విషయములో మాత్రము నిర్మూలన యను మాట నిజమైనది. 1975 తరువాత ఈ దేశములో ఆ రోగము లేదు. 1980లో ప్రపంచమంతట లేదని ప్రకటించిరి. అక్కడ పని ముగిసిన పిదప మాట వచ్చినది.

చివరకు ఉద్దానము. ఇచ్ఛాపురము, కంచిలి, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధితో ఎన్ని ఇండ్లు చీకటియైనవో అక్కడివారికి చెప్పనక్కరలేదు. చక్కెరవ్యాధి లేదు, మొదట రక్తపుపోటును లేదు. పొలములో, తోటలో కాయకష్టము చేయు మనిషి మెల్లమెల్లగా క్షీణించును. పరీక్ష చేయించు నాటికి డయాలిసిస్ దగ్గరకు వచ్చియుండును. ఇట్టి వ్యాధియే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరిరైతులలోను, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకుకూలీలలోను కనబడుచున్నది. నీటిలోని ఖనిజములు, పురుగుమందులు, ఎండలో చెమటోడ్చి నీరు త్రాగకుండుట, వంశములోని లక్షణము, ఇన్నింటిని అనుమానించి పరిశోధించిరి. ఇదియే కారణమని తేలలేదు.

హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టముల ద్వారా ఉద్దానమునకు తెచ్చు పథకమును, పలాసలో మూత్రపిండవ్యాధుల ఆసుపత్రిని, పరిశోధనాకేంద్రమును 2023 డిసెంబరులో ప్రారంభించిరి. ఇక్కడ క్రియలను పొదుపుగా వాడవలెను. నీటిని మళ్ళించిరి, అది నిజము. మంచినీరు త్రాగుట మేలు, అదియు నిజము. ఇందువలన వ్యాధి నివారింపబడినదని మాత్రము ఇప్పుడే వ్రాయరాదు. నీరే కారణమైన నివారింపబడును. కానిచో మంచినీరు త్రాగుచునే మనుషులు క్షీణింతురు. ‘నివారణ అయినది’ అని ఒక్కసారి కాగితముమీద పడినచో, పరిశోధకుడు పెట్టె సర్దుకొనును, లెక్క వ్రాయువాడు పుస్తకము మూసివేయును.

‘ఉద్దానపు వ్యాధి ........ వలన కలుగుచున్నది’ అను వాక్యములో ఆ చుక్కలున్నచోట ఒక మాట చేరవలసి యున్నది. అది చేరువరకు అక్కడి గ్రామములకు మిగిలినది మొదటి క్రియయే. ఒంటినొప్పులకు మందుల దుకాణములో మాత్రలు ఇష్టము వచ్చినట్లు కొని మ్రింగవలదని, ఎండలో పనికి పోవునపుడు నీళ్ళబిందె వెంట నుంచుకొనుమని, ఆరునెలలకొకసారి రక్తపరీక్షకు రమ్మని ఆరోగ్యకార్యకర్త ఇంటింటికి తిరిగి చెప్పుచున్నది. విన్నవారు కొందరు, విననివారు కొందరు. ఆమె మరునాడు మరల పోవుచున్నది.